90 ఏళ్ల మండువా ఇల్లు: బాగు చేయించాలంటే ముందు ఏది, తర్వాత ఏది?

పెరటిజామ
మాది అమలాపురం దగ్గర పల్లె. ముత్తాత 1930లలో కట్టించిన మండువా ఇల్లు. మధ్యలో ఆకాశం కనిపించే మండువా, చుట్టూ వసారాలు, బర్మా టేకు స్తంభాలు, పైన బెంగుళూరు పెంకు. అమ్మ ఒక్కతే ఉంటోంది. కిందటి వానాకాలంలో పడమటి వసారా కప్పు ఒక మూల కూలింది. గోడలకు నడుము ఎత్తు దాకా చెమ్మ. వెల్ల వేయించిన ఏడాదికే పొరలుగా రాలిపోతోంది.
ఊళ్లో కాంట్రాక్టరు చూసి చెప్పినది ఇది: లోపలా బయటా సిమెంటు ప్లాస్టరింగు, పాత గచ్చు తవ్వి టైల్సు, మండువా మీద స్లాబు. పోతూ పోతూ "ఇంత ఖర్చుకు కూల్చి మేడే కట్టుకోవచ్చు కదండీ" అని కూడా అన్నాడు. మా అన్నయ్య ఆలోచన వేరు. కలప అమ్మేసి, స్థలం కౌలు కొబ్బరితోటలో కలిపేద్దామంటాడు. నాకు ఇల్లు ఇల్లుగానే ఉండాలని ఉంది. డబ్బు ఒకేసారి పెట్టలేను, రెండు మూడేళ్లు విడతలుగా చేయించాలి. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

దూలంవాసం
ముందు ఆ కలప బేరగాణ్ణి గుమ్మం ఎక్కనివ్వకండి. 1942లో జపాన్ వాళ్లు బర్మాను ఆక్రమించుకున్నాక రంగూను నుంచి కలప రావడం ఆగిపోయింది. మీ స్తంభాలు అంతకు ముందువి. అలాంటి చేవ ఉన్న టేకు ఇప్పుడు డబ్బు పెట్టినా దొరకడం కష్టం. వాళ్లు ఇక్కడ తూకం లెక్కన కొని, నగరంలో ఫాంహౌసులకు ఒక్కో స్తంభం లెక్కన అమ్ముకుంటారు.

గోంగూరకాడ
మండువా మీద స్లాబు వేశాక దాన్ని మండువా అనరు, హాలు అంటారు. అందులో టీవీ పెడతారు. 🙂

సున్నపుగానుగ
వృత్తిరీత్యా పాత కట్టడాల మరమ్మతులే నా పని, అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నాను.
1930ల గోడ అంటే సున్నంతో కట్టిన ఇటుక గోడ. నేల నుంచి తడి పీల్చుకుంటుంది, ఎండ తగలగానే ఆవిరిగా వదిలేస్తుంది. దాని బతుకే అది. దాని మీద సిమెంటు పూత వేయడం చెమట పట్టిన మనిషికి రెయిన్‌కోటు తొడగడమే. బయటికి దారి లేని తడి గోడలోనే పైకి పాకుతుంది. ఇవాళ నడుము ఎత్తున ఉన్న చెమ్మ నాలుగేళ్లలో కిటికీ పైకి వస్తుంది. తడితో పాటు వచ్చిన ఉప్పు లోపలే గడ్డకట్టి, పూతను ఇటుకతో సహా ఊడబెరుకుతుంది. దూలం కొసలు గోడలో దూరి ఉంటాయి కదా, ఆ తడికి ముందు కుళ్లేవి అవే.
కాబట్టి సిమెంటు ప్లాస్టరింగు వద్దు. ఉప్పెక్కిన పాత పూతను చెమ్మ గీతకు పైన ఇంకో అర మీటరు దాకా గీకేయించి, ఒక వేసవి అంతా గోడను అలాగే ఆరనివ్వండి. చూడటానికి బాగుండదు. కానీ ఆరనివ్వకుండా ఏది పూసినా దండగే. తర్వాత సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు. ఇసుకలో కొంత తగ్గించి సుర్కీ (ఇటుక పొడి) కలిపితే తడి చోట కూడా గట్టిపడుతుంది.

ఇటుకలవ్యాపారి
సున్నం, కరక్కాయ, బెల్లం, కోడిగుడ్డు తెల్లసొన... వినడానికి బాగానే ఉంటుంది. ఆ పని తెలిసిన మేస్త్రి ఏడీ? మా జిల్లాలో సున్నపు గానుగ చూసినవాళ్లు కూడా డెబ్బై దాటినవాళ్లే. వయసు మళ్లిన తల్లి ఉన్న ఇంట్లో ముందు కావలసింది లోపల బాత్‌రూము, జారని నేల, కప్పు మీద పడదన్న ధైర్యం. మీ అందరి మురిపెం కోసం ఆవిడ చెమ్మ గోడల మధ్య ఉండాలా? కాంట్రాక్టరు చెప్పినదాంట్లో స్లాబు ఒక్కటి తప్ప మిగతాది తప్పేమీ లేదు.

సున్నపుగానుగ
మేస్త్రీల కొరత నిజమే, కాదనను. అయితే గానుగ కట్టి ఎద్దులను తిప్పనక్కర్లేదు. రాళ్ల చక్రాలున్న మిక్సరు చాలు. కారైక్కుడి వైపు చెట్టినాడు ఇళ్ల పనిచేసే మేస్త్రీలు ఇక్కడికీ వస్తున్నారు. ఒకరు వచ్చి మన తాపీ మేస్త్రీలు ఇద్దరికి చేయి తిప్పడం చూపిస్తే మిగతా పని వాళ్లే లాగేస్తారు. గుడ్డు తెల్లసొన అద్దంలా మెరిసే పైపూతకు. మామూలు గోడకు దాని అవసరం లేదు.

కాలవగట్టు
పెరటిజామ గారూ, ఒక్క సంగతి చూసి చెప్పండి. మీ ఇంటి ముందు వీధి సిమెంటు రోడ్డు అయిందా? రోడ్డు ఎత్తు ఎక్కువా, మీ వీధి అరుగు ఎత్తు ఎక్కువా? మండువాలో పడిన వాన నీళ్లు ఎటు పోతున్నాయి?

పెరటిజామ
రోడ్డు అయింది, రెండు సార్లు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే పోశారు. ఒకప్పుడు వీధి అరుగు ఎక్కడానికి మూడు మెట్లు ఉండేవి, ఇప్పుడు ఒకటి మిగిలింది. మండువా నీళ్లు తూము గుండా వీధి కాలవలోకి పోయేవి. ఇప్పుడు ఎటు పోతున్నాయో అమ్మను అడిగి చెప్తాను.

కాలవగట్టు
అనుకున్నాను. కోనసీమలో సగం పాత ఇళ్ల కథ ఇదే. గోడను తిట్టి లాభం లేదు, ముందు నీళ్ల దారి చూడండి.
మండువా ఇంటి కప్పుల్లో లోపలి వాలు మీది నీళ్లన్నీ మధ్యలోనే పడతాయి. పెద్ద వాన కురిస్తే అది చిన్న చెరువు. ఆ నీళ్లు గంటలో బయటికి పోవాలని తూము పెట్టారు. వీధి కాలవ అడుగు ఎత్తు పెరిగితే తూము మూతి కాలవ అడుగుకంటే కిందికి పోతుంది. నీళ్లు పోకపోగా వీధి నీళ్లు లోపలికి వస్తాయి. ఎవరో విసిగిపోయి ఆ మూతి మూసేస్తారు. ఇక మండువా నీళ్లు ఇంకేది పునాదిలోకే. అసలే మన డెల్టాలో రెండు మూడు అడుగులు తవ్వితే ఊట.

దూలంవాసం
కాలవగట్టు గారి మాట నూటికి నూరు. మా పెదనాన్న గారింట్లో గోడలకు రకరకాల వాటర్‌ప్రూఫ్ రంగులు పూశారు, ఒక్కటీ రెండో వానాకాలం చూడలేదు. చివరికి దొడ్డి వైపు కొత్త తూము తీసి, చెరువులోకి వాలు ఇచ్చారు. మరుసటి ఏడు గోడలు వాటంతట అవే ఆరడం మొదలుపెట్టాయి.

పెరటిజామ
అమ్మ చెప్పింది: తూము మూతి మూయించింది మా నాన్నగారే, రోడ్డు రెండోసారి వేసినప్పుడు. వీధి మురుగు మండువాలోకి వస్తోందని. అప్పటి నుంచి వాన పడితే నీళ్లు ఒక పూట నిలబడి, "దానంతటదే ఇంకిపోతున్నాయి" అంది. చెమ్మ కూడా ఆ తర్వాతే పెరిగిందట.

గోంగూరకాడ
దానంతటదే ఇంకిపోయి దానంతటదే గోడెక్కుతోంది.

ఇటుకలవ్యాపారి
సరే, తూము విషయంలో ఒప్పుకున్నాను. కానీ కోతుల సంగతేమిటి? మా ఊళ్లో పెంకుటిళ్లన్నీ రేకుల షెడ్లు అవడానికి కారణం చెమ్మ కాదు, కోతులు. గుంపు ఒకసారి కప్పు దాటితే ఇరవై పెంకులు హరీ.

ఉప్పుగాలి
కోనసీమలో కోతి కంటే కొబ్బరికాయ. కప్పు మీదికి వాలిన చెట్లకు కాయలు ముదరక ముందే దింపు తీయించండి. తుఫానుల సంగతి కూడా ఆలోచించాలి. 1996 నవంబరు 6 రాత్రి మా వైపు తోటలకు తోటలే పడుకున్నాయి. మా మండువా ఇల్లు పెంకులు పోగొట్టుకుంది కానీ వాసాలు కదలలేదు. పక్కింటి వసారా మాత్రం కప్పుతో సహా ఎగిరి పొలంలో పడింది. కట్టు లేని వాసాన్ని గాలి కింది నుంచి లేపుతుంది. కప్పు విప్పినప్పుడు ప్రతి వాసాన్నీ గోడ మీది పట్టెకు ఇనప పట్టీతో బిగించండి. పెద్ద ఖర్చు కాదు. కప్పు మూసేశాక చేయడం మాత్రం కష్టం.

దూలంవాసం
కప్పు విషయం నేను రాస్తాను. ముందు విప్పకండి, ముందు గుర్తులు వేయండి. ఇంటి కొలతలతో ఒక ప్లాను గీయించుకుని, ప్రతి స్తంభానికి, దూలానికి, వాసానికి ఒక అంకె ఇచ్చి, అదే అంకె రేకు ముక్క మీద రాసి మేకుతో కొట్టండి. సుద్దతో రాస్తే మొదటి వానకే పోతుంది. మన వడ్రంగులు పనిలో దిట్టలే కానీ, నలభై వాసాలు కింద పడ్డాక ఏది ఎక్కడిదో దేవుడికే తెలియాలి.
తర్వాత దూలం కొసలు చూడండి. మధ్యలో ఎంత బాగున్నా గోడలో దూరిన జానెడు ముఖ్యం. సన్నని స్క్రూడ్రైవరుతో గోడ అంచున గుచ్చి చూడండి. చేవ ఉంటే మొన దిగదు. మెత్తగా దిగితే అక్కడ లోపలంతా గుల్ల. సుత్తి పిడితో కొట్టినా తెలుస్తుంది. మంచి టేకు ఖంగుమంటుంది, చెదపట్టినది డొల్లగా మోగుతుంది. కొస కుళ్లినంత మాత్రాన దూలం మొత్తం తీసేయనక్కర్లేదు. కుళ్లినంత మేర కోసి, పాత టేకు ముక్కనే ఏటవాలు అతుకు వేసి బోల్టులు బిగిస్తే సరిపోతుంది. అవసరమైతే రెండు పక్కలా ఇనప పలకలు. ఇది మాత్రం ఇంజినీరు లెక్క చూశాకే.

చెన్నపట్నంవాసి
మాది సొంతూరు నెల్లూరు, ఉండేది చెన్నైలో. ఒక సందేహం: మండువా చుట్టూ పెంకు సరే, వీధి వైపు గదుల మీద డాబా ఉందా? ఆ కాలం ఇళ్లలో కొన్ని గదులకు మద్రాసు టెర్రస్ ఉండేది: టేకు పట్టెల మీద సన్నని ఇటుకలు నిలబెట్టి ఐమూలగా పేర్చి, పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపి దిమ్మిస కొట్టేవారు. అది కారుతోందని మీద కాంక్రీటు పోసేవాళ్లను ఇక్కడ చాలామందిని చూశాను. ఆ బరువంతా పట్టెల మీద పడి అవి కిందికి వంగుతాయి.

పెరటిజామ
ఉంది, వీధి వైపు రెండు గదులు. మీరు చెప్పినట్టే ఐమూలగా ఇటుకలు కనిపిస్తాయి. పైన ఒక మూల రావి మొక్క మొలిచింది.

చెన్నపట్నంవాసి
రావి మొక్కను పీకకండి! పైన తెగుతుంది, వేరు లోపలే ఉండి మళ్లీ చిగురిస్తుంది, పీకితే ఇటుకలూ కదులుతాయి. మొదలు కోసి, కోత మీద వెంటనే మందు రాసి వేరు చచ్చాక తీయించాలి. కప్పు పైపొర మాత్రం సున్నంతోనే.

లీడ్స్‌లోతెలుగు
మేము ఇంగ్లండులో 1850ల నాటి ఇల్లు కొన్నాం. గ్రేడ్ టూ జాబితాలో, అంటే కాపాడాల్సిన పాత కట్టడాల జాబితాలో ఉంది. కిటికీ చెక్క మార్చాలన్నా కౌన్సిల్ అనుమతి కావాలి. అనుమతి లేకుండా ఇంటి స్వరూపం మారిస్తే నేరం కింద కేసు పెడతారు. మా పక్కింటాయన ప్లాస్టిక్ కిటికీలు పెట్టించి, మళ్లీ తీసి చెక్కవి పెట్టించాల్సి వచ్చింది. ఇక్కడ కూడా ఇదే సిమెంటు గొడవ, ఇదే సున్నం మాట. మన దగ్గర అలాంటి అనుమతులేమీ ఉండవా?

సున్నపుగానుగ
ఊళ్లో ఉండే మామూలు పాత ఇంటికి ఉండవు. ఎవరిష్టం వారిది, అందుకే ఇన్ని కూలుతున్నాయి. ఒక్క మెలిక ఉంది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ అది. ఆ పరిధిలో సొంత ఇంటి మరమ్మతుకు కూడా ముందు అనుమతి తీసుకోవాలి. ద్రాక్షారామం, సామర్లకోట గుళ్ల దగ్గర ఇళ్లున్నవాళ్లకు ఇది అనుభవమే. హైదరాబాదులో సంగతి వేరు. అక్కడ పాత కట్టడాలకు జాబితా ఉండేది, దాన్ని కాపాడే నిబంధనను 2015లో ఎత్తేశారు, 2017లో తెలంగాణ కొత్త చట్టం తెచ్చింది.

గోంగూరకాడ
లీడ్స్ గారి కౌన్సిల్ వాళ్లను ఒక్క ఏడాది అమలాపురానికి అప్పివ్వమనండి.

మధ్యవర్తి
అందరూ సున్నంలో మునిగిపోయారు. నేను కాగితాల మాట అడుగుతాను. ఇల్లు ఎవరి పేరున ఉంది? ముత్తాత ఆస్తి అంటున్నారు, పంపకాలు అయ్యాయా? అక్కచెల్లెళ్లు ఎంతమంది?

పెరటిజామ
తాతగారి వరకు పంపకాలు అయ్యాయి, ఇల్లు నాన్నగారి వాటా. ఆయన పోయాక కాగితం ఏదీ రాసుకోలేదు. అమ్మ, అన్నయ్య, నేను, చెల్లి.

మధ్యవర్తి
అయితే నలుగురికీ హక్కు ఉంది. చెల్లెలిని పక్కన పెట్టే వీలు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా 1985 సెప్టెంబరు నుంచే ఉంది. అప్పటికే పెళ్లయిన వాళ్లను మినహాయించారు. 2005 కేంద్ర సవరణలో ఆ మినహాయింపు కూడా పోయింది. 2020లో సుప్రీంకోర్టు మిగిలిన సందేహాలూ తీర్చేసింది. రేపు మీరు లక్షలు పోసి బాగు చేయించాక అన్నయ్య నా వాటా నాకిమ్మంటే ఆ ఖర్చు ఎవరి ఖాతాలో రాస్తారు? తట్ట మట్టి ఎత్తక ముందే నలుగురూ కూర్చుని, ఎవరు ఎంత పెడుతున్నారో, ఇల్లు ఎవరికి చెందుతుందో రాసుకోండి. వాటా వదులుకునేవాళ్లు ఉంటే రిజిస్ట్రేషన్ చేయించాలి. తెల్ల కాగితం మీద సంతకాలు నిలబడవు.

ఇటుకలవ్యాపారి
ఈ వేదికలో మొదటిసారి నాకు నచ్చిన సలహా.

దూలంవాసం
కలప ధర చూపించి అన్నయ్యగారిని మెత్తబరచవచ్చు కూడా. పాతది అమ్మితే వచ్చేదెంత, అదే టేకు ఇవాళ కొనాలంటే ఎంతో ఒక కాగితం మీద పక్కపక్కన రాసి పంపండి.

ఉప్పుగాలి
లేదా సినిమా షూటింగులకు అద్దెకిస్తామని చెప్పండి, పరుగెత్తుకొస్తారు. కాకపోతే మా ఊళ్లో ఒక ఇంట్లో షూటింగు అయ్యాక స్తంభాలకు కొట్టిన మేకులు ఇంకా పీకుతూనే ఉన్నారు.

పెరటిజామ
అన్నయ్యతో, చెల్లితో ఫోనులో మాట్లాడాను. చెల్లి తన వాటా గురించి తర్వాత చూద్దాం, ముందు అమ్మకు బాత్‌రూము సంగతి చూడమంది. ఇటుకలవ్యాపారి గారి మాటే ఆమెదీ. లోపల గదిని బాత్‌రూముగా మార్చవచ్చా? గచ్చు తీసి టైల్సు వేయకపోతే జారుతుందా?

సున్నపుగానుగ
పాత గోడల మధ్య కొత్తగా నీళ్లు పారించవద్దు. పెరటి వసారా చివర, ఇంటి గోడకు తగలకుండా విడిగా చిన్న బాత్‌రూము కట్టించి, కప్పున్న దారితో కలపండి. దాన్ని సిమెంటుతోనే కట్టుకోండి, అభ్యంతరం లేదు. గడప ఎత్తు లేకుండా, పట్టుకోవడానికి గోడకు కడ్డీలు పెట్టించండి. ఈ పని అన్నిటికంటే ముందు చేయించినా తప్పు లేదు. మరమ్మతు జరిగినన్నాళ్లూ అది ఎటూ కావాలి.
గచ్చు అంతగా జారదు, నునుపు టైల్సే ఎక్కువ జారతాయి. పైగా నేలంతా టైల్సు పరిస్తే కింది తడికి దారి మూసుకుపోయి గోడల వైపు తిరుగుతుంది. గచ్చు పగిలిన చోట మాత్రమే అతుకు వేయించండి.

ఇటుకలవ్యాపారి
విడిగా బాత్‌రూము అంటే వానలో రాత్రిపూట ఆవిడ నడవాలి. కప్పున్న దారి అని రాశారు కాబట్టి ఊరుకుంటున్నాను. దీపం కూడా పెట్టించండి. కరెంటు వైర్ల గురించి ఇంతవరకు ఎవరూ మాట్లాడలేదేమిటి? ఆ ఇంట్లో ఎర్తింగు ఉందా అసలు?

పెరటిజామ
లేదు. చెక్క పట్టీల మీద గుడ్డ చుట్టిన వైర్లు. కొన్ని చోట్ల ఎలకలు కొరికాయి.

ఇటుకలవ్యాపారి
ఈ వారమే మార్పించండి. టేకు, ఎండిన వాసాలు, కొరికిన వైర్లు. చెమ్మతో ఇల్లు ఇరవై ఏళ్లకు కూలుతుంది, దీనితో ఒక్క రాత్రి చాలు. గోడలు చెక్కనక్కర్లేదు, పైపైనే పైపులు వేసి లాగించండి, ఎర్తింగు, లీకేజీ బ్రేకరు (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) తప్పనిసరి.

సున్నపుగానుగ
అక్షరాలా నిజం. నేనే ముందు రాయాల్సింది.

కాలవగట్టు
తూము ఎటు తీస్తున్నారు?

పెరటిజామ
దొడ్డి వైపు పంట బోదె ఉంది. నీళ్ల గొట్టంతో మట్టం పట్టి చూశాం, మండువా అడుగుకు ఆరంగుళాలు కిందికే ఉంది. వానల్లో బోదె నిండితే వెనక్కి తన్నుతుందేమో అని అనుమానం.

కాలవగట్టు
తన్నుతుంది. బోదె దగ్గర ఒక తొట్టి కట్టి, తూము చివర ఒకవైపే తెరుచుకునే మూత పెట్టండి. బోదె నిండిన రోజుల్లో తొట్టిలో నీళ్లు చిన్న మోటారుతో తోడేయాలి. ఆరంగుళాల వాలు దూరాన్ని బట్టి చాలవచ్చు, చాలకపోవచ్చు. పొడవెంత?

పెరటిజామ
అరవై అడుగులు ఉంటుంది.

కాలవగట్టు
చాలు. మలుపు ఉన్న ప్రతిచోటా చేయి దూరేంత తొట్టి వదలండి, ఆకులు తీయడానికి. కొబ్బరి పీచు ఒక్కటి చాలు తూము మూసుకుపోవడానికి.

పెరటిజామ
ఈ వారం వైర్లు, ఆ వెంటనే తూము, బాత్‌రూము. కూలిన మూలకు వానల్లోపు టార్పాలిన్. గోడలు గీకించి వదిలేస్తాం. కప్పు పని వచ్చే ఏడాది, అప్పటికి నలుగురం కాగితం రాసుకుని ఉంటాం. అన్నయ్య సగం ఒప్పుకున్నాడు, మిగతా సగం కలప ధర చూశాక. ఒకటే దిగులు, పడమటి వైపు మూడు వందల పెంకులు పగిలిపోయాయి. కొత్తవి కొంటే కలుస్తాయా?

దూలంవాసం
కలవవు. ఒక్కో ఫ్యాక్టరీ పెంకు గాడి ఒక్కో తీరు. వేరే అచ్చు పెంకు పక్కన పెడితే గాడిలో కూర్చోదు, సందులో నుంచి వాన దిగుతుంది. పాతవన్నీ ఏరి వీధి వైపు వాలు మీద పెట్టి, పెరటి వాలు మొత్తానికి ఒకే రకం కొత్తవి వేసేవాళ్లు ఉన్నారు. పాతవే దొరికితే మేలు. మీ పెంకు వెనక ముద్ర ఏముంది?

పెరటిజామ
బాసెల్ మిషన్, 1865 అని ఉంది. అంటే పెంకులు అప్పటివా?

దూలంవాసం
కాదు, అది మంగుళూరులో వాళ్ల ఫ్యాక్టరీ మొదలైన ఏడాది. తర్వాత చేసిన పెంకుల మీద కూడా అదే వేసేవారు. మండపేట వైపు ఒక ఇల్లు వచ్చే నెల విప్పుతున్నారు, వాళ్లవీ ఆ ముద్రవేనని విన్నాను. మీ పెంకు పొడవు, వెడల్పు, వెనక గాడి ఫొటో పెట్టండి. సరిపోతే లారీ ఎక్కించక ముందే మీకోసం మూడు వందలు పక్కన పెట్టమంటాను.

ఇటుకలవ్యాపారి
నాలుగు వందలు పెట్టమనండి. దింపేటప్పుడు కొన్ని పగులుతాయి, మిగతావి కోతులకు.